పొదుగు కింద గుడ్లు ఎందుకు మురుగుతాయి? ఎలా తీసేయాలి?

పన్నెండు గుడ్లు పెట్టి పొదగేస్తే నాలుగైదు పిల్లలే లేచినప్పుడు నింద పెట్ట మీద పడుతుంది. సరిగా కూర్చోలేదంటారు. లేదంటే ఉరుము మీదికి తోస్తారు. కర్నూలు, నంద్యాల, కడప జిల్లాల ఎండలను లెక్కలోకి తీసుకుంటే అసలు సంగతి వేరు. ఎండకాలంలో మురిగే గుడ్లలో చాలావాటి గతి పెట్ట కూర్చోకముందే, ఇంట్లో గిన్నెలోనో చేటలోనో ఉన్నప్పుడే తేలిపోతుంది. అందుకే పొదుగు గంప దగ్గర కాకుండా గుడ్లు దాచే చోటు నుంచే మొదలుపెడదాం.

గుడ్డుకు వేడి కావాలి కదా, మరి ఎండకు ఎందుకు చెడుతుంది?

కోడి గుడ్డు పెట్టే సమయానికే, అది పుంజు కలిసిన గుడ్డయితే, లోపల పిండం ఎదగడం మొదలై ఉంటుంది. పెట్ట ఒంట్లో దాదాపు ఒక రోజు గడిపి వచ్చిన గుడ్డు అది. బయటికి వచ్చి చల్లబడగానే ఆ ఎదుగుదల ఆగుతుంది. మళ్లీ పొదుగు వేడి తగిలేదాకా పిండం అలా నిద్రలో ఉండగలదు. అయితే ఆ నిద్ర పట్టాలంటే చుట్టూ సుమారు 20 డిగ్రీలకు లోపు చల్లదనం ఉండాలి. గుడ్లు దాచడానికి 15 నుంచి 18 డిగ్రీలు మేలంటారు.

మన దగ్గర మే నెలలో పగలు 40 డిగ్రీలు దాటుతుంది. రాత్రి కూడా 27, 28 డిగ్రీలకు తగ్గదు. నాపరాళ్లు పరిచిన ఇంటి కప్పు అర్ధరాత్రి దాకా సెగలు కక్కుతూనే ఉంటుంది. అంటే గిన్నెలో ఉన్న గుడ్డుకు రాత్రీ పగలూ నిద్ర లేదు. పొదుగుకు కావలసిన 37, 38 డిగ్రీల వేడి నిలకడగా అందదు. ఆగిపోయేంత చల్లదనమూ దొరకదు. పిండం అరకొరగా ఎదిగి, బలం చాలక చచ్చిపోతుంది. అలాంటి గుడ్డును తెలియక పెట్ట కింద పెడతాం. ఇక ఆ వేడిలో అది మూడు వారాలు మురుగుతుంది.

చచ్చిన పిండం ఉన్న గుడ్డు అంత కంపు ఎందుకు కొడుతుంది? ఎందుకు పేలుతుంది?

గుడ్డు పెంకుకు కంటికి కనపడని రంధ్రాలు వేలల్లో ఉంటాయి. పిల్ల ఊపిరి తీసుకునేది వాటి గుండానే. పెట్టినప్పుడు గుడ్డు మీద ఉండే పలుచని పొర ఆ రంధ్రాలను కాపాడుతుంది. తెల్లసొనలోనూ సూక్ష్మజీవులను చంపే గుణం ఉంది. గుడ్డును కడిగినా, రెట్ట అంటినా, నెర్రె పడినా ఆ కాపలా సడలుతుంది. సూక్ష్మజీవులు లోపల చేరి మాంసకృత్తులను కుళ్లబెడతాయి. అప్పుడు పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుదే ఆ కంపు. వాయువు బయటికి పోయే దానికన్నా త్వరగా పుడితే లోపల ఒత్తిడి పెరుగుతుంది. పెట్ట కాలు తగిలినా చాలు, గుడ్డు పగిలి గంపంతా చిందుతుంది. పక్క గుడ్ల రంధ్రాలు ఆ మురికితో పూడతాయి, రోగం వాటికీ అంటుతుంది. ఒక్కటే కదా అని వదిలేయకూడదనేది ఇందుకే.

పుంజు కలవని గుడ్డు ఇంత త్వరగా మురగదు. చాలా రోజులు తేటగానే ఉండిపోతుంది. కానీ పెంకు నెర్రె పడితే అదీ కుళ్లుతుంది.

ఉరుములకు గుడ్లు మురుగుతాయంటారు, నిజమేనా?

గంపలో ఇనుప మేకు, బొగ్గు ముక్క, ఎండుమిరపకాయ వేసే అలవాటు ఈ నమ్మకంతో వచ్చిందే. ఉరుము శబ్దానికి గుడ్డులో పిండం చావదు. మనకు ఉరుములు ఎక్కువగా వచ్చేది ఏప్రిల్ నుంచి జూన్ దాకా, ఎండలు మండే రోజుల్లోనే. ఎండకు అప్పటికే చచ్చిన గుడ్డు ఆ వారంలోనే కంపు మొదలుపెడుతుంది. ఆ పాపం ఉరుము ఖాతాలో పడుతుంది. మేకు వేసినందువల్ల నష్టం లేదు. అయితే మేకు వేశాం కదా అని గుడ్లను చూడకుండా వదిలేస్తేనే నష్టం.

గుడ్లు ఎన్నాళ్లు, ఎలా దాచాలి?

చలికాలంలో వారం రోజులు, ఎండకాలంలో మూడు నాలుగు రోజులు. అంతకు మించితే కూరకు వాడుకోవడమే లాభం. నాటు పెట్ట ఒక విడతలో పన్నెండు, పదిహేను గుడ్లు పెడుతుంది. రోజూ పెట్టదు కాబట్టి దానికి రెండు మూడు వారాలు పడుతుంది. మొదట పెట్టినవి అప్పటికి ముసలివైపోతాయి. కాబట్టి మొదటి గుడ్లు తినండి, చివరివి పొదిగించండి. చివరివి చాలకపోతే ఇరుగుపొరుగు నుంచి తాజా గుడ్లు అడిగి తెచ్చుకోండి.

పెట్ట చోటు మార్చకుండా గంపలో ఒక గుడ్డు వదిలేస్తారు కదా, దాని మీద బొగ్గుతో గీత గీయండి. పొదగేసే రోజు ముందు దాన్నే తీసి పారేయాలి. గంపలో తొందరగా మురిగేది చాలాసార్లు అదే.

దాచడానికి వెడల్పాటి మట్టి పాత్రలో ఇసుక పోసి తడపండి. అందులో ఒక చిన్న కుండ కుదిర్చి, దానిలో పొడి గుడ్డ పరిచి, సన్నటి కొన కిందికి వచ్చేలా గుడ్లు పెట్టండి. మూతగా తడి గోనెపట్ట కప్పండి. గుడ్లకు మాత్రం తడి తగలకూడదు. మన గాలి పొడిగా ఉంటుంది కాబట్టి తడి ఆరేకొద్దీ కుండ బాగా చల్లబడుతుంది. ఫ్రిజ్‌లో పెట్టిన గుడ్డును బయటికి తీయగానే చెమట పడుతుంది. ఆ చెమ్మతో సూక్ష్మజీవులు లోపలికి జారుతాయి. తప్పనిసరై పెట్టినా, చెమట పూర్తిగా ఆరాకే పెట్ట కిందికి చేర్చాలి.

మాసిన గుడ్లను కడిగి పొదగేయకండి. కాస్త మట్టి అంటితే పొడి గుడ్డతో తుడవండి. బాగా రెట్ట అంటినదాన్ని పొదుగుకు వాడొద్దు.

మురిగినదాన్ని ముందే ఎలా గుర్తుపట్టాలి?

ఏడో రోజు రాత్రి చీకటి గదిలో చూడాలి. అట్టముక్కకు చిన్న రంధ్రం చేసి, దాని వెనక టార్చి గానీ సెల్‌ఫోన్ లైటు గానీ పెట్టండి. గుడ్డు లావుపాటి కొనను ఆ రంధ్రానికి ఆనించండి. ఎర్రని నరాలు సాలెగూడులా పరుచుకొని, మధ్యలో నల్లని చుక్క కదులుతుంటే పిండం బతికే ఉంది. ఏమీ లేకుండా తేటగా పసుపు నీడ ఒక్కటే కనిపిస్తే పుంజు కలవని గుడ్డు. నెత్తురు ఉంగరంలా ఒక చుట్టుగా కనిపిస్తే పిండం మొదలై చచ్చిపోయింది. ఈ రెండు రకాలూ తీసేయాలి. వారం రోజులు పొదుగు వేడి తిన్న తేట గుడ్డును కూరకు వాడకండి.

పద్నాలుగో రోజు మరోసారి చూడండి. బతికిన గుడ్డులో గాలి ఉండే చోటు తేటగా, మిగతాదంతా నల్లగా, మధ్యలో గీత స్పష్టంగా ఉంటుంది. మురిగిన గుడ్డులో ఆ గీత చెదిరిపోయి, లోపల బురద నీళ్లలా కదులుతుంది. పెంకు మీద బూడిద, నీలి మచ్చలు తేలినా, చెమట బొట్లలా ద్రవం కారినా, వాసన వచ్చినా వెలుతురులో చూసే పని కూడా లేదు. చెవి దగ్గర పెట్టుకొని ఊపి చూడకండి, చేతిలోనే పగలొచ్చు. అనుమానంగా ఉన్నదాని మీద గుర్తు పెట్టి, మూడు రోజుల తర్వాత మళ్లీ చూడండి.

పద్దెనిమిదో రోజు దాటాక గుడ్లను కదపకూడదు. పిల్ల పెంకు పొడవడానికి సర్దుకునే సమయమది.

ఎలా తీయాలి? గంపలో పగిలిపోతే ఏం చేయాలి?

రాత్రిపూట పెట్ట నెమ్మదిగా ఉంటుంది. చేతికి పాత గుడ్డో ప్లాస్టిక్ కవరో చుట్టుకొని, గుడ్డును మెల్లగా ఎత్తి అదే కవరులో మూటగట్టండి. ఇంటికి దూరంగా అడుగున్నర లోతు గుంట తీసి, కాస్త సున్నం చల్లి పూడ్చండి. కుక్కలకు వేయకండి, పెంటకుప్ప మీదికి విసరకండి. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోండి.

పగిలిపోతే గంపలోని గడ్డి, ఊక మొత్తం తీసేసి పూడ్చేయండి. గంపను ఎండలో ఆరేసి, అడుగున బూడిద చల్లి, కొత్త గడ్డి పరచండి. తక్కిన గుడ్లకు అంటిన మురికిని పొడి గుడ్డతో తుడవండి. అప్పటికీ పోకపోతే ఒంటికి గోరువెచ్చగా తగిలే నీళ్లలో తడిపి పిండిన గుడ్డతో తుడిచి, వెంటనే ఆరబెట్టండి. చన్నీళ్లు మాత్రం వద్దు. చల్లదనానికి గుడ్డు లోపలి పదార్థం కుంచించుకొని, పెంకు మీది మురికిని రంధ్రాల్లోంచి లోపలికి లాగేసుకుంటుంది. పెట్ట రొమ్ము ఈకలకు అంటినదాన్నీ తుడవాలి. ఆ గుడ్లను మూడు రోజులకోసారి వెలుతురులో చూస్తూ ఉండండి.

ఎండకాలంలో గంప ఎక్కడ, ఎలా పెట్టాలి?

మూడు వారాల్లో గుడ్డులోని నీరు కొంత ఆవిరై, బరువు పన్నెండు శాతం దాకా తగ్గడం మామూలే. మన పొడి గాలికి అంతకన్నా ఎక్కువ తగ్గుతుంది. అప్పుడు లోపలి పొర ఎండి పిల్లకు అంటుకుపోతుంది. పెంకు పొడిచాక కూడా పిల్ల బయటికి రాలేక అక్కడే చచ్చిపోతుంది. దీనికి మందు చెమ్మ. వెడల్పాటి మట్టి పాత్రలో ఇసుక పోసి తడిపి, దాని మీద గోనెపట్ట, ఆపైన వరిగడ్డి పరచండి. ఇసుక ఆరినప్పుడల్లా పక్క నుంచి కొంచెం నీళ్లు పోయండి. బంగ్లాదేశ్ పల్లెల్లో మట్టితో చేసిన హాజల్ అనే పొదుగు గూడు వాడతారు. దాని అంచునే మేతకూ నీళ్లకూ చిన్న గిన్నెలు ఉంటాయి. పెట్ట మేత కోసం ఎక్కువసేపు దూరం పోదు, గుడ్లు చల్లబడవు. ఆ పద్ధతి మనకూ పనికొస్తుంది.

గంప మిద్దె మీదో బండల కప్పుకు దగ్గరగానో కాక, ఇంట్లో చల్లగా ఉండే నేల మీద పెట్టండి. ఎండకాలంలో ఎనిమిది, తొమ్మిది గుడ్లు మించొద్దు. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా పెట్టలు సాధారణంగా పొదగవు, వాటి గుడ్లను నాటు పెట్ట కింద పెడుతుంటారు. అవి నాటు గుడ్లకన్నా పెద్దవి కాబట్టి ఇంకా తగ్గించాలి. అంచున పెట్ట రెక్క కిందికి రాని గుడ్డు రోజూ చల్లబడి, వేడెక్కి మురుగుతుంది. పొదగేసిన రోజే గుడ్లన్నిటికీ బొగ్గుతో గీత గీస్తే, తర్వాత వేరే పెట్ట వచ్చి పెట్టిన గుడ్డు ఏదో తెలిసిపోతుంది. దాన్ని ఆ రోజే తీసేయండి.

పేలు, పిడుదులు కుడితే పెట్ట గుడ్ల మీద నిలవదు. గడ్డిలో బూడిద, సీతాఫలం ఆకులు వేయండి.

టర్కీ కోళ్లకు ఏం తేడా?

కోడికి 21 రోజులైతే టర్కీకి 28 రోజులు. మురిగిన గుడ్డు గంపలో మరో వారం ఉంటుంది కాబట్టి ప్రమాదం ఎక్కువ. గుడ్డు పెద్దది, మచ్చలున్నది. ఏడో రోజున సరిగా కనపడకపోతే పదో రోజున చూడండి. ఇరవై అయిదో రోజు తర్వాత కదపకండి. టర్కీ పెట్ట బరువెక్కువ కాబట్టి అడుగున గడ్డి మందంగా లేకపోతే గుడ్లు నెర్రెలు పడతాయి. కొన్ని పెట్టలు మేతకు కూడా లేవవు. అలాంటిదాన్ని రోజుకోసారి ఎత్తి బయట వదిలితే మేత తిని, నీళ్లు తాగి, రెట్ట బయటే వేస్తుంది. గంప శుభ్రంగా ఉంటుంది.

నాటు పెట్ట కింద టర్కీ గుడ్లు పెడితే అయిదారు చాలు. రెండు రకాలూ కలిపి పొదగేయాలంటే టర్కీ గుడ్లు పెట్టిన వారానికి కోడి గుడ్లు పెట్టాలి. అయితే పిల్లలను కలిపి పెంచడం మంచిది కాదు. కోళ్లలో పెద్దగా బయటపడని నల్లతల రోగం టర్కీ పిల్లలను చంపేస్తుంది.

గడువు దాటినా లేవని గుడ్లను ఎప్పుడు తీయాలి?

మొదటి పిల్ల లేచాక రెండు రోజులు ఆగండి. ఆ తర్వాత మిగిలినవన్నీ తీసి పూడ్చండి. ఏ కాలంలో పొదగేసినా పిల్లలు గుడ్లలోనే చస్తుంటే అది ఎండ తప్పు కాకపోవచ్చు, పెట్ట నుంచి గుడ్డుకు సంక్రమించే రోగం కావచ్చు. అప్పుడు లేవని గుడ్లను పగలగొట్టకుండా దగ్గరి పశువైద్యునికి చూపించండి. కడప జిల్లా వారికి ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది.

కార్తీకం నుంచి మాఘం దాకా పొదిగించడం అన్నిటికన్నా మేలు. ఎండకాలంలో తప్పనిసరైతే నాలుగు రోజులు మించని గుడ్లు, ఎనిమిది, తొమ్మిది మించని లెక్క, తడి ఇసుక, ఏడో రాత్రి దీపం. ఈ నాలుగూ పాటించి చూడండి.