రక్తనాళములకును తూములున్నవి

కురవి పరిసర గ్రామముల పంచాయతీ సభ్యులకు చెరువు తూము సంగతి మేము చెప్పనక్కరలేదు. తూమెత్తిన నీరు తనంతట పల్లమునకు పారును. దానిని మరల పైకి తోడవలెనన్న మోటారును, కరెంటును కావలెను. మన రక్తనాళములందును ఇట్టి ఏర్పాటే కలదు.

నాళపు గోడలో సన్నని కండర కణములు చుట్టును అమరియున్నవి. విద్యుదావేశము గల పరమాణువులను అయానులందురు. కాల్షియం అయానులు, సడలియున్న కణము లోపలికంటె వెలుపల సుమారు 10,000 రెట్లు అధికము. కణపు పొరలోని ద్వారములు తెరచుకొన్నచో అవి లోనికి చొచ్చును. కండరము బిగియును, నాళము ఇరుకగును, రక్తపుపోటు హెచ్చును. పొటాషియం అయానులు వెలుపలికి పోయినపుడు ఆ ద్వారములు మూతపడును. లోన చేరిన కాల్షియమును పంపులు తోడివేయగా నాళము సడలును. ఈ పంపులకు కరెంటు వంటిది ఏ.టి.పి. అను పదార్థము. 1929లో అమెరికాలోని హార్వర్డులో ఫిస్కేతో కలిసి దానిని కండరమునుండి కనుగొన్నవారు భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు.

బి.పి.కి ఇచ్చు ఆమ్లోడిపిన్ మాత్ర కాల్షియం ద్వారములను పెక్కింటిని తెరచుకొననీయదు. మాత్ర మానినచో కొలదిదినములలో అవి యథాప్రకారము తెరచుకొనును. బి.పి. హెచ్చినను సాధారణముగా నొప్పి తెలియదు. "బాగుగనే యున్నాను గదా" యని మందు మానినవారు పక్షవాతమునకో, గుండెపోటునకో గురికావచ్చును. ఒక్కరు మంచము పట్టినచో ఇంటిల్లిపాదియు కుంగిపోవును.

కావున సభ్యులారా, మీ వార్డులో మాత్రలు మధ్యలో మానినవారెవరో విచారింపుడు. వారిని ఆరోగ్య ఉపకేంద్రమునకు పంపుడు. వైద్యుని మాట లేక మందు మానరాదని గ్రామసభలో చెప్పుడు. పెద్దలు దినమునకు 5 గ్రాములలోపు ఉప్పు తినుట మేలనియు తెలుపుడు.