కంచరగాడిద మోసే కబురు!

ఇంట్లో కూర్చుని ఇంటర్నెట్‌లో ఓ పుస్తకానికి ఆర్డరిస్తాం. క్షణాల్లో ఖాతాలోంచి డబ్బు వెళ్లిపోతుంది. గోడౌన్‌కి కబురు అందుతుంది. సెల్‌ఫోన్‌కి ఎస్సెమ్మెస్ వస్తుంది. ఒకరి భాష ఒకరికి తెలియని ఇన్ని కంప్యూటర్ల మధ్య రాయబారం నడిపేదెవరు? ఇంటిగ్రేషన్ సాఫ్ట్‌వేర్!

అలాంటివాటిలో పేరున్నది 'మ్యూల్'. అంటే కంచరగాడిద. వ్యవస్థల్ని కలపడమంటే అప్పట్లో ప్రోగ్రామర్లకు నిజంగా గాడిదచాకిరీయే. ఆ బరువు ఇది మోస్తుందని రాస్ మేసన్ తన సాఫ్ట్‌వేర్‌కి ఆ పేరు పెట్టాడు.

కబురుని ఓ ఉత్తరం అనుకోండి. లోపలి కాగితం 'పేలోడ్'. కవరు మీది చిరునామా, ముద్రల్లాంటివి 'ఆట్రిబ్యూట్స్'. దారిలో గుమస్తా గుర్తు కోసం గుచ్చిపెట్టుకునే చీటీలు 'వేరియబుల్స్'. ఏ చీటీలో ఏముందో చెప్పమని అడగడానికి ఓ చిన్న భాష కావాలి. అదే ఎక్స్‌ప్రెషన్ లాంగ్వేజ్. మ్యూల్ మూడో తరంలో దాని పేరు 'మెల్'. 2018లో వచ్చిన నాలుగో తరంలో ఆ స్థానాన్ని 'డేటావీవ్' తీసుకుంది. హ్యాష్ గుర్తు, చదరపు బ్రాకెట్లు, వాటి మధ్య 'వార్స్' అని రాసి, చుక్క పెట్టి చీటీ పేరు రాస్తే చాలు... అందులోని విలువ చేతికొస్తుంది.

చిక్కంతా ఎక్కడంటే- కబురు ఒక్కో మజిలీ దాటేకొద్దీ లోపలి కాగితం మారిపోతుంటుంది. ఆర్డరు వివరాల్ని డేటాబేస్‌లో రాయమంటే, మామూలుగా ఆ పని ఫలితమే కొత్త పేలోడ్ అయి కూర్చుంటుంది. పాతది పోయినట్టే! తర్వాత ఎస్సెమ్మెస్ పంపాలంటే ఫోన్ నంబరేదీ? అందుకే తెలివైన ప్రోగ్రామర్ ముందే నంబరుని చీటీలో దాచుకుంటాడు. లేదంటే ఫలితాన్నే వేరే చీటీలో వేయించి, అసలు కాగితాన్ని కదలనివ్వడు.

ఇంకో గండం స్పెల్లింగు. పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చినా, పెద్దక్షరం బదులు చిన్నక్షరం పడినా డేటావీవ్ చాలాసార్లు గొడవ చేయదు. 'నల్' అంటూ ఖాళీ చేతులు చూపిస్తుంది. పని ఆగకుండా ముందుకెళ్లిపోతే సందేశం పేరులేకుండానో, చిరునామా లేకుండానో బయల్దేరుతుంది! దానికీ విరుగుడుంది. 'డిఫాల్ట్' అన్న మాట చేర్చి, విలువ దొరక్కపోతే ఏం వాడాలో చెప్పొచ్చు. అయితే ఫోన్ నంబరులాంటి వాటికి ఉత్తుత్తి విలువ పెట్టేకంటే, అక్కడే ఆపి తప్పు చూపించడం మేలు.

చీటీలకో హద్దూ ఉంది. హెచ్‌టీటీపీ ద్వారా వేరే అప్లికేషన్‌కి కబురు పంపితే అవి వెంట రావు. అవసరమైనవి ఉత్తరంలోనో కవరు మీదో రాసి పంపాల్సిందే.

ఈసారి 'మీ ఆర్డరు అందింది' అంటూ ఎస్సెమ్మెస్ వస్తే గుర్తుచేసుకోండి... దారిలో మీ నంబరుని ఎవరో భద్రంగా చీటీ కట్టి ఉంచారన్నమాట!