తొలి తెలుగు వార్తాపాఠకుడు

1983 నవంబరు 14వ తేదీన హైదరాబాదు దూరదర్శన్ కేంద్రమునుండి తొలి తెలుగు వార్తలు వెలువడినవి. వానిని చదివినవారు శాంతిస్వరూప్. వార్తాప్రతిని కంటియెదుట నడిపించు టెలిప్రాంప్టరు ఆ తొలినాళ్లలో అక్కడ లేదు. ఆకాశవాణిలో చదువువారి చేతికాగితము శ్రోతలకు కనబడదు. దూరదర్శన్‌లోనో, ప్రేక్షకుని కన్నులలోనికి చూచి పలుకవలెను. అందుచే ఆయన వార్తలను కంఠస్థము చేసి చెప్పెడివారు. పద్యము మరచిన బాలుని గురువు మందలించి విడుచును. వార్తలో ఒక్క అంకె తప్పినచో, అది వేల యిండ్లలో నిజమై నిలుచును. ఆ బాధ్యత నెరిగిన కంఠమది. ఆవేశ మెరుగదు, అక్షరము మ్రింగదు. 2011లో ఉద్యోగవిరమణ చేసిన ఆయన 2024 ఏప్రిల్ 5న కన్నుమూసిరి. నేడు యంత్రములు వచ్చినవి. ఉచ్చారణశుద్ధిని మాత్రము ఏ యంత్రమును ఈయజాలదు. అది బడిలోనే అలవడవలెను.