పహాణీలో ఒక్క మాట

ఆత్మకూరులో నాకు పాఠాలు చెప్పడంతో పాటు మరో పని కూడా ఉంది. జుమా నమాజు ముగిశాక ఎవరో ఒకరు ప్లాస్టిక్ సంచి పట్టుకుని వస్తారు. సంచిలో పాత కాగితాలుంటాయి. నిజాం జమానాలో రెవెన్యూ రాతకోతలు ఉర్దూలో సాగాయి. 1954-55 నాటి ఖాస్రా పహాణీ కూడా చాలా గ్రామాలకు ఉర్దూలోనే ఉంది. ఈ తరం వారికి ఆ లిపి రాదు. మదరసాలో చదివినవాణ్ణి కనుక నా దగ్గరికి తెస్తారు. "ఇందులో మా పేరుందా మౌల్వీ సాబ్?" అని అడుగుతారు. పేరు కంటే ముందు నేను వెతికేది మరొకటి ఉంది. ఆ సర్వే నంబరు ఏ రకం భూమి అనే మాట.

ఆ మాటలు ఉర్దూ ఇళ్లలో పుట్టి పెరిగినవారికి కొత్తవి కావు. ఆబాది అంటే జనం నివసించే చోటు, తెలుగులో గ్రామకంఠం. ఖారిజ్ ఖాతా అంటే ఎవరి ఖాతాలోనూ లేనిది, అంటే సర్కారుది. గైరాన్ పశువుల మేతకు విడిచినది. షికం అంటే కడుపు. చెరువు నిండినప్పుడు నీళ్లు నిలిచే లోపలి భాగం చెరువు కడుపే కదా! అందులో కొందరికి పట్టాలు కూడా ఉంటాయి, షికం పట్టా అంటారు. నీళ్లు తగ్గాక సాగు చేసుకోవచ్చు గాని ఇల్లు కట్టుకోవడానికి అది పనికిరాదు.

ఈ ఒక్క మాట ఎంత దూరం తీసుకుపోతుందో ఈమధ్యనే చూశాను. ఊరి చివర ఒకే గల్లీ, రెండు ఇళ్లు. ఒక ఇల్లు ఖారిజ్ ఖాతా నంబరులో ఉంది. వాళ్లకు ఇంటావిడ పేర పట్టా వచ్చింది. రెండో ఇల్లు ఒక వితంతువుది. ఆమె భర్త బతికుండగా స్టాంపు కాగితం మీద కొన్న జాగా. కూలి డబ్బులు కూడబెట్టి స్లాబు వేశారు. కరెంటు బిల్లు, ఇంటి పన్ను రసీదులు ఏళ్ల తరబడివి దారంతో కట్టి దాచింది. నంబరు మాత్రం పక్కది. నకలులో ఆ నంబరుకు ఎదురుగా షికం అని ఉంది. చదివి చెప్పడానికి నాకు నోరు రాలేదు. "ఇన్నేళ్లు పన్ను కట్టించుకున్నారు కదా, మరి ఇల్లు నాది కాదా?" అని అడిగింది.

పన్ను కట్టినంత మాత్రాన భూమి మీద హక్కు రాదు. ఆ రసీదు మనం అక్కడ ఉంటున్నామని చెప్పే సాక్ష్యం మాత్రమే. అయితే ఆ సాక్ష్యానికీ విలువ ఉంది, పారేయకండి. 2014 డిసెంబరు 30న తెలంగాణ ప్రభుత్వం ఇచ్చిన జీవో 58 ప్రకారం, అభ్యంతరం లేని సర్కారు భూమిలో ఇల్లు కట్టుకున్న దారిద్ర్యరేఖకు దిగువన ఉన్న కుటుంబాలకు 125 చదరపు గజాల వరకు ఉచితంగా పట్టా ఇచ్చారు. అంతకు మించినవారికి, ఆదాయం ఉన్నవారికి సొమ్ము కట్టి క్రమబద్ధం చేసుకునే జీవో 59 వచ్చింది. 2014 జూన్ 2 నాటికి అక్కడ ఉండాలన్నది మొదటి షరతు. 2023లో ఆ తేదీని 2020 జూన్ 2కు జరిపారు. అక్కడ ఉంటున్నట్టు చూపడానికి పనికొచ్చినవి ఈ రసీదులూ బిల్లులే. కాని "అభ్యంతరం లేని" అన్న మాట దగ్గర చెరువు, వాగు, ఖబరస్తాన్, వక్ఫ్ భూములు ఆగిపోయాయి.

చెరువు భూముల మీద సుప్రీంకోర్టు 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో గట్టిగా చెప్పింది. ఎన్నేళ్లు ఉన్నా, ఎంత ఖర్చుపెట్టి కట్టుకున్నా చెరువు కబ్జా కబ్జాయేనని ఆ తీర్పు సారాంశం. 2024 సెప్టెంబరులో హైదరాబాదులో మూసీ ఒడ్డున మూసానగర్, శంకర్‌నగర్ ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో గుర్తులు వేసినప్పుడు అక్కడి తల్లుల ఏడుపులు మనం టీవీలో చూశాం. కొన్ని కుటుంబాలను రెండు పడక గదుల ఇళ్లకు తరలించారు. ఇల్లు దొరికినా, పాచిపని చేసుకునేవారికి పని దొరికే వీధి దూరమైంది. ఓల్గా టెల్లిస్ కేసులో 1985లో సుప్రీంకోర్టు బతుకుతెరువు కూడా జీవించే హక్కులో భాగమేనని చెప్పింది ఇందుకే.

మన సొంత ఇంటి తప్పు ఒకటి చెప్పకపోతే అన్యాయం. ఖబరస్తాన్ అంచులను, దర్గా భూములను ముక్కలు చేసి పేద ముస్లింలకే అమ్మినవారిలో మనవారూ ఉన్నారు. 2013 సవరణ తరువాత వక్ఫ్ భూమి అమ్మకం మొదటి నుంచే చెల్లనిది. అలాగే పేదలకు సర్కారు అసైన్ చేసిన భూమిని కొన్నా 1977 చట్టం ప్రకారం కొన్నవారికి హక్కు రాదు. అమ్మినవాడు డబ్బు లెక్కపెట్టుకుని పోతాడు, కొన్న కుటుంబం బుల్డోజరు చప్పుడు వింటూ నిద్రపోతుంది.

కనుక బయానా ఇచ్చే ముందే సర్వే నంబరు అడగండి. తహసీల్ కార్యాలయంలో ఖాస్రా పహాణీ నకలు తీయించండి. ఇవ్వకపోతే అయిదు రూపాయల సమాచార హక్కు దరఖాస్తు ఉంది, తెల్లకార్డు వారికి అదీ అక్కర్లేదు. ఆ నంబరు నిషేధిత జాబితాలో ఉందేమో సబ్ రిజిస్ట్రార్ దగ్గర తెలుసుకోండి. 2024 మార్చిలో మొదలైన ఇందిరమ్మ ఇళ్ల పథకంలో సొంత జాగా ఉన్నవారికి ఇల్లు కట్టుకోవడానికి 5 లక్షలు ఇస్తారు. జాగా కాగితం సరిగా లేకపోతే ఆ అయిదు లక్షలూ పక్కింటికే పోతాయి.

మరి ఇప్పటికే ఉంటున్నవారి సంగతి? పట్టా వచ్చేదాకా మోరీ కంపులో కూర్చోవాలా? కరాచీలో ఓరంగీ అనే పెద్ద కచ్చీ ఆబాదీ ఉంది. ఆగ్రాలో పుట్టిన అఖ్తర్ హమీద్ ఖాన్ 1980లో అక్కడ పని మొదలుపెట్టారు. గల్లీని ఒక జమాఅత్‌గా కూర్చారు. ఇంటి పాయిఖానా, గల్లీ కింద గొట్టం ఇంటివాళ్లే తమ డబ్బుతో వేసుకున్నారు. పెద్ద కాలువ మాత్రం సర్కారు వేయాలన్నారు. ఆ సంస్థను తర్వాత నడిపిన పర్వీన్ రహ్మాన్ ఊరి చివరి బస్తీలకు పటాలు గీసి, ఎవరు ఎక్కడ ఉంటున్నారో రికార్డు చేయించారు. ఆ పటాలు భూకబ్జాదారులకు కంటగింపయ్యాయి. 2013 మార్చి 13న ఆమెను కాల్చి చంపారు. ఒక ఆడమనిషి గీసిన పటానికి అంత భయపడ్డారంటే అందులో ఎంత బలముందో ఆలోచించండి.

మన దగ్గరే ఒడిశాలో 2017 చట్టం కింద డ్రోన్లతో బస్తీలను కొలిచి, భార్యాభర్తల ఇద్దరి పేర హక్కుపత్రాలు ఇచ్చారు. ఆ జాగా అమ్మడానికి వీల్లేదు, పిల్లలకు వస్తుంది, ఇంటి అప్పుకు తాకట్టు పెట్టుకోవచ్చు. అమ్మకానికి అడ్డుపెట్టడం నాకు నచ్చింది. పేదవాడి పట్టా ఆడపిల్ల పెళ్లికో ఆస్పత్రికో మొదటి ఏడాదే చేతులు మారడం మనం చూసిందే.

ఆ వితంతువుకు నేను ఇల్లు నీదేనని చెప్పలేకపోయాను. నోటీసు ఇవ్వకుండా కూల్చరాదని, కనీసం 15 రోజుల గడువు ఉండాలని 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు చెప్పిందని చెప్పాను. కాలిబాట, నది వంటి బహిరంగ స్థలాలకు ఆ రక్షణ లేదని కూడా దాచకుండా చెప్పాను. బదులు ఇల్లు కోరుతూ గల్లీ అంతా కలిసి దరఖాస్తు రాద్దామని, ఒక్కొక్కరు తిరిగితే ఎవరూ వినరని అన్నాను. చెరువు హద్దు గల్లీలో ఎక్కడిదాకా వస్తుందో సర్వేయరుతో కొలిపించమని కూడా అడగాలి. మొత్తం నంబరు షికం అని రాసి ఉన్నా, నీటి గీత ఎక్కడుందో కొలిస్తేగాని తేలదు.

వచ్చే శుక్రవారం పదకొండు ఇళ్ల సంచులు తెస్తానంది. అసలు కాగితాలు ఇంట్లో పెట్టి నకళ్లే తెమ్మన్నాను.