ప్యాంటు జిప్పు: పళ్లకు కొలత కుదిరిన కథ

పాతకాలపు ప్యాంట్లకు ముందువైపు నాలుగైదు గుండీలు ఉండేవి. పైకి కనబడకుండా లోపలి పట్టీకి కాజాలు కుట్టడం దర్జీకి ఓ పని, వాటిలో గుండీలు ఒక్కొక్కటే దూర్చడం తొడుక్కునేవాడికి ఇంకో పని. ఇంత అవస్థ ఉన్నా, జిప్పు పుట్టిన నలభై ఏళ్లదాకా మగవాళ్ల ప్యాంటు దాన్ని దగ్గరికి రానివ్వలేదు. జిప్పు విచ్చుకుంటే బూటుకైతే కాలు జారుతుంది, ప్యాంటుకైతే పరువు జారుతుంది మరి!

బట్టలను వరసగా మూసే బిగింపుకు 1851లోనే అమెరికాలో ఎలియాస్ హోవ్ పేటెంటు పొందాడు. కుట్టుమిషను పేటెంటుతో పేరు తెచ్చుకున్నది ఈయనే. ఈ బిగింపును మాత్రం అమ్మకానికి తేలేదు. 1893లో షికాగోకు చెందిన విట్‌కోంబ్ జడ్సన్ ఎత్తు బూట్లకు తాళ్ల బదులు పెట్టే కొక్కేల వరసకు, దాన్ని మూసే బిళ్లకు పేటెంటు పొందాడు. అదే ఏడు షికాగో ప్రపంచ ప్రదర్శనలో పెట్టినా గిరాకీ రాలేదు. తర్వాత బట్టల కోసం చేసిన రకమూ అంతంతమాత్రమే. గుడ్డ వంగితే కొక్కెం జారేది, ఒకటి జారితే వరసంతా పటపటా ఊడేది.

జడ్సన్ బిగింపులు చేసే కంపెనీలో 1906లో చేరిన స్వీడన్ ఇంజనీరు గిడియన్ సండ్‌బాక్ చివరికి కొక్కేలనే వదిలేశాడు. 1913 నాటికి రెండు వైపులా ఒకేలాంటి పళ్లు పెట్టాడు. అంతకుముందు అంగుళానికి నాలుగుండే చోట పది వచ్చాయి. 1917లో పేటెంటు దక్కింది.

లోహపు జిప్పు ఉన్న ప్యాంటు దొరికితే దగ్గరగా చూడండి. ప్రతి పంటికీ ఒకవైపు చిన్న బొడిపె, రెండోవైపు దానికి సరిపడే గుంట ఉంటాయి. కుడి ఎడమ వరసలు ఎదురెదురుగా ఉండవు, ఒకదాని సందుకు ఎదురుగా రెండోదాని పన్ను వస్తుంది. మనం లాగే రన్నర్ లోపలి దారి ఇంగ్లిషు వై ఆకారంలో ఉంటుంది. ఆ మలుపులో పట్టీ వంగేసరికి పళ్ల మధ్య సందు కాస్త పెరుగుతుంది, అవతలి పన్ను అందులోకి దూరుతుంది. రన్నర్ దాటాక పట్టీ మళ్లీ నిటారుగా మారి సందు మూసుకుంటుంది, బొడిపె గుంటలో చిక్కుతుంది. ఇక పక్కలకు లాగినా పన్ను బయటపడటానికి దారి ఉండదు. కిందికి లాగినప్పుడు రన్నర్ మధ్యనున్న ముక్కు వాటిని విడదీస్తుంది.

ఇదంతా పనిచేయాలంటే పళ్లన్నీ ఒకే కొలతలో ఉండాలి. చేత్తో అయ్యే పని కాదు. అందుకే సండ్‌బాక్ యంత్రాన్నీ తయారుచేశాడు. వై ఆకారపు తీగను ముక్కలుగా కోసి, బొడిపె, గుంట అచ్చుగుద్ది, గుడ్డ పట్టీకి నొక్కేయడం దాని పని. జిప్పు నిలబడింది ఈ యంత్రం వల్లే.

అయినా జిప్పుకు మొదట దొరికిన చోట్లు నావికుల డబ్బు బెల్టులు, పొగాకు సంచులు, 1923లో గుడ్రిచ్ కంపెనీ రబ్బరు బూట్లు. 1930లలో పిల్లల బట్టలకు జిప్పు పెట్టి, అమ్మ సాయం లేకుండా పిల్లలే తొడుక్కుంటారని ప్రచారం చేశారు. పెద్దల ప్యాంట్లకూ ఆ దశకంలోనే ఎక్కింది. 1937లో అమెరికా పత్రిక ఎస్క్వయిర్ గుండీలకన్నా జిప్పే మేలని మెచ్చుకుంది. పిడి కిందికి వాల్చగానే పళ్ల మధ్య దిగే చిన్న కొక్కెం ఉన్న రన్నర్లతో, దానంతటదే జారుతుందన్న భయమూ తగ్గింది.

మన బడిపిల్లల నిక్కర్లకు మాత్రం చాలాకాలం గుండీలే దిక్కు. గుండీ ఊడినవాణ్నీ, జిప్పు మరిచినవాణ్నీ "పోస్టాఫీసు తెరిచుందిరా" అని ఒకేలా ఏడిపించేవారు.

జిప్పు నిలవకపోతే పళ్లు అరిగాయనుకుని మొత్తం మార్పిస్తాం. చాలాసార్లు తప్పు పళ్లది కాదు. ఏళ్లతరబడి లాగగా రన్నర్ అంచులు విచ్చుకుని, పళ్లను తగినంత దగ్గరికి నొక్కలేకపోతాయి. అందుకే రన్నర్ పైకి వెళ్లినా దాని వెనక పళ్లు విడివిడిగా మిగులుతాయి. పని తెలిసిన దర్జీ పటకారుతో ఆ అంచులను రెండు పక్కలా కొద్దికొద్దిగా నొక్కుతాడు. వెంట్రుకవాసి దగ్గరైతే జిప్పు మళ్లీ పట్టుకుంటుంది, అంతకు మించితే రన్నర్ బిగుసుకుని అసలే కదలదు.