చర్మములోని కావలివారు

చర్మమనగా దేహమును కప్పియుంచు వస్త్రము వంటిదని మనము తలంతుము. ధూళియు క్రిములును లోన జొరకుండ అది అడ్డుకొనుట నిజమే. కాని చర్మము గోడ మాత్రమే కాదు. ఆ గోడలో కావలివారు కూడ కాపురముండిరి.

1868వ సంవత్సరమున బెర్లిను నగరమందు పాల్ లాంగర్‌హాన్సు అను వైద్యవిద్యార్థి మానవచర్మమునకు బంగారు లవణపు రంగు పట్టించి సూక్ష్మదర్శినితో పరీక్షించెను. నక్షత్రములవలె చేతులు చాచిన కణములు కొన్ని అతనికి గోచరించెను. అవి నాడీకణములని అతడు భావించెను. నూరేండ్లు గడచిన పిదపగాని వాని నిజమైన వృత్తి తెలియలేదు.

ఆ వృత్తి యెట్టిదో చూడుడు. గాయము గుండ వైరసు ప్రవేశింపగానే చర్మకణములు ఇంటర్‌ఫెరాన్ అను పదార్థమును విడిచి పొరుగు కణములను హెచ్చరించును. లాంగర్‌హాన్సు కణము వైరసును మ్రింగి, తునకలు చేసి, చర్మమును వీడి ప్రయాణము సాగించును. చంకలోనో గజ్జలోనో బిళ్ళ కట్టినదని పెద్దలు చెప్పుచుందురు గదా! ఆ బిళ్ళయే దాని గమ్యస్థానము. అచ్చట కాచుకొనియున్న తెల్లకణములకు అది శత్రువు తునకలను చూపును. గుర్తించిన కణములు వేలకొలది వృద్ధిపొంది పోరునకు బయలుదేరును. ఇందులకు కొన్ని దినములు పట్టును.

ఈ కావలివారిని మోసగించు శత్రువులును కలరు. దోమకాటుతో చర్మమున దిగిన డెంగీ వైరసు ఈ కణములలోనే పెరుగునని 2000వ సంవత్సరమున పరిశోధకులు కనుగొనిరి. కుక్కకాటు వలన వచ్చు రేబిస్ వైరసుది వేరొక మాయ. అది చొంగతో కండలోనికి దిగి, నరమును పట్టుకొని, చప్పుడు లేక మెదడువైపు ప్రాకిపోవును. నరములో దాగిన దానిని కావలివారు గుర్తింపజాలరు. వ్యాధి లక్షణములు కనబడిన పిమ్మట బ్రదికినవారు మిక్కిలి అరుదు. కాని మెదడు చేరుటకు దానికి సాధారణముగా కొన్ని వారములు పట్టును. ఆ వ్యవధియే మనకు దొరకిన అదను.

హైటెక్ సిటీ, గచ్చిబౌలి అనగానే అద్దాల మేడలును కంప్యూటరు ఉద్యోగములును స్ఫురించును. ఆ గచ్చిబౌలిలోనే ఇండియన్ ఇమ్యునొలాజికల్స్ అను సంస్థ కలదు. పశువుల గాలికుంటు వ్యాధికి టీకాలు చేయుటకై జాతీయ పాడి అభివృద్ధి మండలి దీనిని 1982లో స్థాపించెను. రేబిస్‌కు ఆ సంస్థవారు చేయు టీకా పేరు అభయ్‌రాబ్. కండలో వేయునప్పుడు ఒక్కొక్కమారు 0.5 మిల్లీలీటరు చొప్పున అయిదుమార్లు వేయవలెను. బీదవారికిని ప్రభుత్వ వైద్యశాలలకును అది భారమే.

చర్మమున కావలివారు దట్టముగా నున్నారు గదా, మందును వారి చేతికే అందించిన నేమి? థాయిలాండు వైద్యులు ఈ యోచనను ఆచరణలో పెట్టిరి. మన దేశమున 2006లో అనుమతి లభించెను. రెండు భుజములందును చర్మపు పొరలలో 0.1 మిల్లీలీటరు చొప్పున, కరచిన నాడును, పిదప 3, 7, 28వ దినములందును వేయుదురు. మొత్తము 0.8 మిల్లీలీటరు, అనగా కండలో వేయు దానిలో మూడవ వంతుకన్న తక్కువ. రక్షణ మాత్రము సమానమే. బొడ్డుచుట్టు పదునాలుగు సూదులన్న భయము ఇంకను పల్లెలలో వినబడుచుండును. అది గొఱ్ఱె మెదడునుండి తీసిన పాతమందు మాట. 2004 తరువాత అది మన దేశమున వాడుకలో లేదు.

కరచిన వెంటనే గాయమును సబ్బుతో, పారు నీటిలో 15 నిమిషములు కడుగవలెను. సబ్బు వైరసు పైనున్న క్రొవ్వుపొరను ఛేదించును. కారము, సున్నము, ఆకుపసరు పూయుట వలన గాయము రేగుటయే గాని ప్రయోజనము లేదు. రక్తము కారు గాయమైనచో టీకా పనిచేయు వరకు అడ్డుపడుటకై గాయమునందే వేరొక సిద్ధరక్షక ద్రవమును కూడ వేయుదురు.

చర్మములో టీకా సరిగా పడినచో అచ్చట శనగగింజంత పొక్కు లేచును, కొంతసేపటికి అణగిపోవును. పొక్కు లేవనియెడల మందు కావలివారిని దాటి లోతునకు పోయినదని గ్రహించి, దాపుననే మరియొక చోట మరల వేయుదురు.