వందల చీరల ఫొటోలు, ఒకే ఆదేశం: చిత్రాల కత్తిరింపులో మెలకువలు

గుజరాత్‌లోని సూరత్ నగరంలో, లింబాయత్, ఉధ్నా వంటి ప్రాంతాల్లో తెలుగు మాట వినిపించడం కొత్త కాదు. మరమగ్గాల పని కోసం తెలంగాణ జిల్లాల నుంచి ఎన్నో కుటుంబాలు, ముఖ్యంగా పద్మశాలీలు, దశాబ్దాల క్రితమే అక్కడికి తరలివెళ్లారు. నగరపాలక సంస్థ ప్రాథమిక పాఠశాలల్లో తెలుగు మాధ్యమం కూడా ఉంది. నేత నుంచి అమ్మకం వైపు అడుగు వేసిన వారికి నేడు మొబైల్ ఫోన్ కూడా ఒక పనిముట్టే. రింగ్ రోడ్డు మార్కెట్లలో తెచ్చిన చీరలను ఇంట్లోనే ఫొటో తీసి, వాట్సాప్‌లో కొనుగోలుదారులకు పంపడం చిన్న వ్యాపారులకు నిత్యకృత్యం.

ఆ ఫొటోల్లో చీరతో పాటు నేల, గోడ, పక్కనున్న కట్టలు, ఒక్కోసారి బిల్లు మీది ఫోన్ నంబరు కూడా పడతాయి. వాటిని తీసివేయడానికి ఒక్కో ఫొటోకు అర నిమిషం పట్టినా, 400 ఫొటోలకు మూడు గంటల ఇరవై నిమిషాలు కావాలి. ఇదే పనిని కంప్యూటరులో ఒక్క వరుస ఆదేశంతో ముగించే సాధనం ఉంది. దాని పేరు ఇమేజ్‌మ్యాజిక్. డ్యూపాంట్ సంస్థలో పనిచేస్తుండగా జాన్ క్రిస్టీ 1987లో దీనిని రూపొందించారు. 1990లో అందరికీ ఉచితంగా విడుదలైంది. దీనిని ఆదేశాలతో వాడేటప్పుడు మౌస్‌తో పెట్టెలు గీయనక్కర్లేదు. ఏం చేయాలో అక్షరాల్లో రాసి ఎంటర్ నొక్కాలి.

ఆదేశం మ్యాజిక్ అనే మాటతో మొదలవుతుంది. పాత సంచికల్లో ఆ స్థానంలో కన్వర్ట్ అని ఉండేది. విండోస్‌లో అదే పేరుతో డిస్కులకు సంబంధించిన వేరొక సాధనం ఉన్నందున, కొత్త పేరే క్షేమం. తర్వాత మూల ఫొటో పేరు, క్రాప్ అనే సూచన, దాని పక్కన నాలుగు సంఖ్యలు, చివర కొత్త ఫొటో పేరు రాయాలి.

ఆ నాలుగు సంఖ్యలే ఇందులో ప్రధానం. మొదటిది మిగలవలసిన వెడల్పు, రెండవది ఎత్తు. మూడవది ఎడమ అంచు నుంచి, నాలుగవది పై అంచు నుంచి వదలవలసిన దూరం. అన్నీ పిక్సెళ్లలోనే. 3000 వెడల్పు, 4000 ఎత్తు ఉన్న ఫొటోకు 2400, 3000, 300, 400 అని ఇస్తే, ఇరుపక్కలా 300 చొప్పున, పైన 400, కింద 600 పిక్సెళ్లు పోతాయి. చివరి రెండు సంఖ్యలు ఇవ్వకపోతే సాధనం తప్పు చూపదు. ఫొటోను అదే కొలతతో ముక్కలు చేసి, ఈ ఉదాహరణలో నాలుగు వేర్వేరు ఫైళ్లుగా ఇస్తుంది.

ఫోన్‌తో తీసిన ఫొటోల్లో మరో చిక్కుంది. నిలువుగా కనిపించే చిత్రం తరచూ ఫైల్లో అడ్డంగానే నిల్వ ఉంటుంది. దానిని తిప్పి చూపమనే గుర్తు మాత్రం విడిగా ఉంటుంది. కత్తిరింపు మాత్రం నిల్వ ఉన్న రూపానికే వర్తిస్తుంది. ఫలితంగా గోడకు బదులు చీర కొంగు ఎగిరిపోతుంది. కనుక ఆటో ఓరియెంట్ అనే సూచనను క్రాప్ కంటే ముందే రాయాలి. ఈ సాధనం సూచనలను రాసిన వరుసలోనే అమలు చేస్తుంది.

ఒకే రంగులో ఉన్న అంచులను తానే గుర్తించి తొలగించే ట్రిమ్ అనే సూచన కూడా ఉంది. ముదురు రంగు చీరలకు అది చక్కగా పనిచేస్తుంది. తెల్లని దుప్పటి మీద పరిచిన తెల్లచీర విషయంలో మాత్రం గోడేదో బట్టేదో దానికి తెలియదు. జరీ అంచు పూర్తిగా కనిపించని ఫొటో చూసి కొన్నవారు చీరను తిప్పి పంపితే, ఆ రవాణా ఖర్చు చిన్న వ్యాపారికి భారమే.

ఫోల్డరులోని ఫొటోలన్నిటినీ ఒకేసారి కత్తిరించే ఆదేశం పేరు మోగ్రిఫై. వేగం దీని బలం, ప్రమాదం కూడా అదే. వేరే ఫోల్డరును పాత్ సూచనతో చూపకపోతే, కత్తిరించిన ఫొటోలు మూల ఫొటోల స్థానంలోనే చేరతాయి. అప్పటికే అమ్ముడుపోయిన చీరను మళ్లీ ఫొటో తీయలేరు. ముందుగా నకలు తీసి, రెండు మూడు ఫొటోలపై ప్రయత్నించి చూడడం ఉత్తమం.

కత్తిరించిన భాగం నిజంగా పోయిందా అన్నది వేరే ప్రశ్న. పిక్సెల్ ఫోన్లలోని మార్కప్ సాధనంతో కత్తిరించిన చిత్రాల్లో తొలగించిన భాగాన్ని కొంతమేర తిరిగి రాబట్టవచ్చని 2023 మార్చిలో బయటపడింది. పాత ఫైలు మీదే కొత్త చిత్రాన్ని రాసి, మిగిలిన తోకను తుడవకపోవడమే కారణం. ఆ లోపాన్ని సరిదిద్దారు. ఇమేజ్‌మ్యాజిక్‌తో కొత్త ఫైలుగా రాస్తే ఈ బెడద ఉండదు. అయితే ఫొటో తీసిన చోటు, సమయం, కొన్నిసార్లు కత్తిరించక ముందటి చిన్న నమూనా చిత్రం కూడా ఎగ్జిఫ్ అనే సమాచారంలో మిగిలి ఉండవచ్చు. ఇంట్లోనే సరుకు ఉంచుకునేవారికి ఇది ఇంటి చిరునామా ఇచ్చినట్లే.

స్ట్రిప్ అనే సూచన దానిని తొలగిస్తుంది. కానీ రంగుల వివరణనూ దాంతో పాటే తీసేస్తుంది. కొన్ని ఫోన్ల ఫొటోల్లో ఎరుపు, ఆకుపచ్చ రంగులు అప్పుడు వెలిసినట్టు కనిపిస్తాయి. రంగు నమ్మకం మీదే సాగే చీరల వ్యాపారంలో, ఎగ్జిఫ్‌ను మాత్రమే తీసివేసే ప్రొఫైల్ సూచనను వాడడమే మేలు. ఆ సూచనలో ప్రొఫైల్ అనే మాటకు ముందు మైనస్ గుర్తు కాకుండా ప్లస్ గుర్తు పెట్టాలి.